చెక్కడపు చిత్రకారుడు ఆషర్ బ్రౌన్ డ్యురాండ్

ముద్రణకై లోహఫలకముపై చిత్రమును చెక్కు శిల్పిని సామాన్యముగా అనుకర్త యనియే తలంతురు. ఈ యభిప్రాయ మెంతవరకు సమంజసమో అమెరికా చిత్రకారుడైన ఆషర్ బ్రౌన్ డ్యురాండ్ జీవితము నాధారముగా గొని పరిశీలింప నెంచితిమి.

డ్యురాండ్ 1796లో న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించెను. తండ్రి గడియారముల పనియు వెండిపనియు నెరిగినవాడు. డ్యురాండ్ 1812లో పీటర్ మావరిక్ అను చెక్కడపు పనివానికి శిష్యుడై, 1817లో అతనికే భాగస్వామి యయ్యెను. 1820లో జాన్ ట్రంబుల్ తాను చిత్రించిన 'స్వాతంత్ర్య ప్రకటన'ను చెక్కు పనిని డ్యురాండునకు మాత్రమే యొప్పగించెను. గురువు దీనిని సహింపలేదు, భాగస్వామ్యము విచ్ఛిన్నమయ్యెను. 47 మంది ముఖములుగల ఆ చిత్రమును డ్యురాండ్ 1823లో ముగించి, దేశమంతట ఖ్యాతి గాంచెను.

ఈ పని స్వరూపమును గ్రహింపనిదే ఆ ఖ్యాతి విలువ తెలియదు. మన తామ్రశాసనములందు అక్షరము చదువుటకై చెక్కబడినది. ఇచ్చట గీత సిరాను నిలుపుకొనుటకై చెక్కబడును. ఫలకమునకు సిరా పూసి, పైభాగమును తుడిచి, తడి కాగితము నొత్తినపుడు గీతలలో మిగిలిన సిరా దాని కంటును. కుడియెడమలు తారుమారగును గావున శిల్పి చిత్రమును అద్దములోని ప్రతిబింబమువలె చెక్కవలెను. రంగులు లేవు. చర్మపు నునుపును, వస్త్రపు మడతను, నీడను గీతల లోతుచేతను, ఎడముచేతను, వాలుచేతను మాత్రమే చూపవలెను. ఇట్టి యెడ ప్రతి గీతయు శిల్పి చేయు నిర్ణయమే యగును. మూలచిత్రమున ఆ గీతలు లేవు గదా!

తరువాత నతడు బ్యాంకు నోట్లకు బొమ్మలను, ప్రముఖుల రూపచిత్రములను, ప్రకృతిదృశ్యములను చెక్కెను. వాండర్లిన్ చిత్రించిన 'ఆరియాడ్నీ'ని తానే కొని, 1835లో దాని ముద్రాచిత్రమును వెలువరించెను. ఇది యతని చెక్కడపు కృషికి పరాకాష్ఠ. అయినను ఆ కాలముననే లూమన్ రీడ్ అను కళాపోషకుని ప్రోత్సాహముతో నతడు చెక్కడమును విడిచి వర్ణచిత్రరచనకు మరలెను. పరుల చిత్రములకు ప్రాణము పోసిన చేయి తన చిత్రమును తానే రచింపగోరుట సహజమే.

1845 నుండి 1861 వరకు నతడు జాతీయ చిత్రకళా అకాడమీకి అధ్యక్షుడుగా నుండెను. 1849లో రచించిన 'కిండ్రెడ్ స్పిరిట్స్' అను చిత్రమున ఆకులను, చెట్ల బెరడును, రాళ్ల పగుళ్లను వేర్వేరుగా నెంచి చూపిన తీరున చెక్కడపు శిక్షణ స్పష్టముగా కానవచ్చును. 1855లో ప్రకటించిన లేఖలలో, ప్రకృతిని చిత్రింపగోరు విద్యార్థి రంగులను ముట్టకమునుపు పెన్సిలుతో ఆకారములను శ్రద్ధగా గీయవలెనని యుపదేశించెను. 1886లో మరణించు నాటికి అతని వయస్సు 90 సంవత్సరములు.

కావున చెక్కడము వట్టి యనుకరణ మనుట సరికాదని మా యభిప్రాయము. డ్యురాండ్ ఉలిని విడిచెనే గాని, అది నేర్పిన చూపును విడువలేదు.