సీప్యాప్ మాస్క్: పక్కకు తిరగగానే గాలి లీకవుతోందా? కొనేముందు పడుకుని చూడండి

మౌలాలి, సికింద్రాబాద్: నిద్రలో పదే పదే ఊపిరి ఆగిపోయే జబ్బు స్లీప్ ఆప్నియా. దీనికి డాక్టర్లు సీప్యాప్ మిషన్ రాస్తారు. వేలకు వేలు పోసి కొన్న ఆ మిషన్ కొందరి ఇళ్లలో నెల తిరక్కుండానే అటకెక్కుతుంది. చాలాసార్లు తప్పు మిషన్‌ది కాదు, మాస్క్‌ది. మౌలాలిలో ఇది చిన్న విషయమేం కాదు. రైల్వే లోకో షెడ్లు, పక్కనే చర్లపల్లి, మల్లాపూర్ పారిశ్రామికవాడలు.. నైట్ డ్యూటీలు చేసేవాళ్లున్న ఏరియా. నిద్ర చాలక బండి నడిపినా, ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర నిలబడినా ప్రాణం మీదకు వస్తుంది.

సీప్యాప్‌ను 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కొలిన్ సల్లివన్ బృందం పరిచయం చేసింది. గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూడటమే దీని పని. మాస్క్ అంచుల్లోంచి గాలి పోతే ఆ ఒత్తిడి నిలవదు. వెల్లకిలా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, చెంప దిండుకు ఆనగానే మాస్క్ జరిగి గాలి కళ్లలోకి కొడుతుంది. అలాగని వెల్లకిలా పడుకోవడం అలవాటు చేసుకోవద్దు. చాలామందికి పక్కకు పడుకుంటేనే ఆప్నియా తగ్గుతుంది.

మరి ఏది కొనాలి? ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే 'నేసల్ పిల్లో' రకం దిండుకు తక్కువ తగులుతుంది. మీసాలున్నవాళ్లకూ ఇదే నయం. ట్యూబ్ నడినెత్తి మీద తగిలించే మోడళ్లు (రెస్‌మెడ్ ఎన్30ఐ, పీ30ఐ, ఫిలిప్స్ డ్రీమ్‌వేర్) ఇంకో దారి. వీటిలో గాలి రెండు చెంపల పక్క నుంచీ వస్తుంది. ఒక వైపు నొక్కుకుపోయినా రెండో వైపు నుంచి అందుతుంది. నోరు తెరిచి నిద్రపోయేవాళ్లకు మాత్రం ఫుల్‌ఫేస్ మాస్క్ అవసరం పడొచ్చు. డాక్టర్‌ను అడగండి.

షాపులో కుర్చీలో కూర్చుని పెట్టుకుంటే ఏ మాస్క్ అయినా సరిపోయినట్టే ఉంటుంది. డాక్టర్ చెప్పిన ప్రెషర్‌లో మిషన్ ఆన్ చేయించి, పక్కకు పడుకుని పది నిమిషాలు చూడాలి. వీలైతే ఇంట్లో వాడే దిండే తీసుకెళ్లండి. గట్టి బూరుగు దూది దిండు మాస్క్‌ను పైకి నెట్టేస్తుంది. లీకవుతోందని పట్టీలు బిగించేయడం అందరూ చేసే పని, దాంతో లీక్ ఇంకా పెరుగుతుంది. కుషన్ గాలితో ఉబ్బితేనే ముఖానికి అతుక్కుంటుంది. తలకు, ముఖానికి నూనె రాసుకుని పడుకుంటే కుషన్ జారుతుంది. ముఖం కడుక్కోండి, కుషన్‌ను కూడా రోజూ సబ్బు నీళ్లతో కడగండి. రెస్‌మెడ్ మిషన్లలో లీక్ నిమిషానికి 24 లీటర్లు దాటుతుంటే సైజు మార్చి చూడాల్సిందే.

ఇంకో ముఖ్యమైన సంగతి. కొన్ని మాస్కుల పట్టీలకు అయస్కాంతం క్లిప్పులు ఉంటాయి. వీటిపై 2022లో ఫిలిప్స్, 2023లో రెస్‌మెడ్ హెచ్చరికలు ఇచ్చాయి. పేస్‌మేకర్ లాంటి పరికరాలకు ఈ క్లిప్పులు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పేస్‌మేకర్ మీకు లేకపోయినా, పక్కన పడుకునే మనిషికి ఉంటే అయస్కాంతం లేని మాస్కే అడిగి తీసుకోవాలి.