ముందు వరుసలో నిలవని సుబ్బారావు

వికారాబాదు, తాండూరు ఆసుపత్రులలో గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. 1945 నాటికి దానిని ప్రయోగశాలలో తయారు చేయగలిగిన లెడర్లీ సంస్థ బృందానికి నాయకుడు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మా వైపు ఆ మాత్ర ఎరుగని ఇల్లు లేదు. ఆయన పేరెరిగిన ఇళ్ళు నాకు బహుస్వల్పంగా తారసపడ్డాయి.

ఆయన మితభాషి. ప్రచారమంటే వెనుకకు తగ్గేవారు. అయినా హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి ఆయన తరఫున మాట్లాడింది. రక్తమూత్రాలలోని భాస్వరాన్ని రంగు గాఢతనుబట్టి కొలిచే ఆ పద్ధతిని జీవరసాయన విద్యార్థులు తరతరాలుగా నేర్చుకున్నారు. నేర్చిన ప్రతివారూ ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’ అనక తప్పలేదు!

అలాగని ఆ మౌనాన్ని ఊరికే మెచ్చుకోలేను. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఇతరులు ఏళ్ళ తరువాత మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ, ఫిస్కే అసూయవల్ల కాబోలు అవి వెలుగు చూడలేదనీ 1988 నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ అన్నారు. హార్వర్డులో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీకి వెళ్ళిపోయారు.

అక్కడ ఆయన బృందం తయారు చేసిన అమైనోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు చికిత్స చేసి, 1948లో ఫలితాలు ప్రకటించారు. వైద్యచరిత్రలో ఆ ఘట్టం ఫార్బరు పేరుతోనే నిలిచింది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ళకు, సుబ్బారావు కన్నుమూశారు. 1953లో తోటి శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టుకున్నారు. మన తపాలా బిళ్ళ మీద ఆయన బొమ్మ కనిపించడానికి 1995 దాకా పట్టింది.