రాజ్ రెడ్డి నల్లబల్ల

ఒక పరిశోధనా పత్రాన్ని ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారో లెక్కగట్టడం మీరు వినే ఉంటారు. ఆ అంకె ఎలా పెరుగుతుంది?

నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి పరిశోధన చూడండి. 1970వ దశకంలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం మాటలను గుర్తించే ‘హియర్‌సే-2’ను తయారుచేసింది. ధ్వనికొక ప్రోగ్రాం, పదానికొకటి, వాక్యానికొకటి. అన్నీ తమ ఊహలను ఒకే ఉమ్మడి నల్లబల్లపై రాసేవి, ఒకదాని ఊహను మరొకటి సరిచూసేవి.

తరువాత మాటల గుర్తింపు సంఖ్యాశాస్త్ర పద్ధతులవైపు మళ్ళింది. అయినా 1980లో ఎర్మన్, హేయస్-రాత్, లెస్సర్‌లతో కలిసి ఆయన ప్రచురించిన హియర్‌సే-2 పత్రం మరుగున పడలేదు. సముద్రంలో నౌకల జాడ తీయడానికీ, ప్రోటీన్ల నిర్మాణం కనుగొనడానికీ నల్లబల్ల పద్ధతి పనికొచ్చింది. 1994లో ఫైగెన్‌బామ్‌తో పాటు ఆయనకు ట్యూరింగ్ అవార్డు లభించింది.

ఈసారి ఉటంకింపుల సంఖ్య కనబడితే, ఆ ఆలోచనను ఎవరు, దేనికి వాడుకున్నారో కూడా వెతకండి.