యానాము పానశాలలు



మా బూర్గంపాడు గోదావరి యొడ్డున నున్నది. కిన్నెరసాని వచ్చి గోదావరిలో గలియునది మా సమీపముననే. ఈ నీరు పాపికొండల నడుమగా సాగి, రాజమహేంద్రవరము దాటి, ధవళేశ్వరము ఆనకట్టకు దిగువను పాయలుగా చీలును. అందు గౌతమీపాయ యానామను చిన్న పట్టణము నొరసికొని సముద్రమున గలియుచున్నది. నేటి నా ప్రసంగము ఆ పట్టణమునందలి పానశాలలను గూర్చినది. జీవితమంతయు బడిలో సంస్కృతాంధ్రములు చెప్పుకొన్న వృద్ధునకు పానశాలల ముచ్చట యేల యని మీరు నవ్వవచ్చును. కారణము మనవి చేసెదను.

కొంతకాలము క్రిందట మా ప్రాంతపు రైతొకరు నాయొద్దకు వచ్చిరి. ఆయన కొమారుడు నా శిష్యుడు, కాకినాడలో చదువుకొనుచుండెను. ఒక యాదివారము తోడివారు నలువురతో మోటారుసైకిళ్లపై యానాము పోయి, ప్రొద్దుపోయిన పిమ్మట తిరిగి వచ్చుచు, దారిలో పడి కాలు విరుగగొట్టుకొనెను. ఆ యేటి చదువు పోయెను. తండ్రి నా యరుగుపై కూర్చుండి యడిగినది యొక్కటే: "పంతులుగారూ, మందు మన ఊళ్లో లేదా? కాకినాడలో లేదా? అంత దూరం పోయి తాగటానికి ఆ యానాంలో ఏమున్నదండీ?"

నాకప్పుడు సమాధానము తోచలేదు. నాటినుండి ఆ ప్రశ్న నన్ను విడువలేదు. పుస్తకములు తిరుగవేసితిని, ఆ యూరు పోయి కన్నులార చూచియు వచ్చితిని. తెలిసినంత చెప్పెదను.

యానామునకు ఫ్రెంచివర్తకులు తొలుత 1723లో వచ్చిరి. వ్యాపారము సాగక కొలదియేండ్లకే విడిచిపోయి, మరల వచ్చి కొఠీ నిలుపుకొనిరి. ఇంగ్లీషువారితో యుద్ధము వచ్చినపుడెల్ల ఊరు చేతులు మారుచుండెను. నెపోలియను యుద్ధములు ముగిసిన పిమ్మట అది ఫ్రెంచివారికి దక్కి, నూరేండ్లకు పైగా వారి యేలుబడిలోనే యుండెను. ఊరెంతటి దనుకొందురు? పొలిమేరలన్నియు గలిపి సుమారు ముప్పది చదరపు కిలోమీటర్లు. చుట్టును గోదావరీప్రాంతమే. అటువారి మాట తెలుగే, ఇటువారి మాట తెలుగే. అచ్చటి మీసాల వెంకన్నకు రెండువైపులవారును మ్రొక్కుదురు. తిరుపతి వేంకటకవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బాల్యమున యానాములో చదువుకొనినవారే. మావంటివారికి ఆ యూరిపేరు వినగానే మొదట తోచునది వారు. ఒకనాడు విద్యార్థి యానామునకు పోవుట యనగా గురువును వెదకికొని పోవుట.

భాష యొక్కటి, దైవ మొక్కటి, నీరొక్కటి. భేద మొక్కటే, నడుమనున్న ఎల్ల. అటు ఒక చట్టము, ఇటు ఒక చట్టము. ఆ యెల్ల మనుష్యులచేత నేమేమి చేయించెనో వినుడు.

యానామున మంగళవారము సంత జరిగెడిది. విదేశపు సరకులు అచ్చట చవుకగా దొరకెడివి గావున ఇంగ్లీషుపాలనలోని తెలుగువారు కొనుగోళ్లకై ఆ సంతకు పోయెడివారు. ఇది చిన్నమాట. పెద్దమాట తరువాత వచ్చెను. 1929లో శారదాచట్టము పుట్టెను. 1930 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చెను. పదునాలుగేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట ఇంగ్లీషుపాలనలో నేరమాయెను. యానామున ఆ చట్టము లేదు. అంతట గోదావరీప్రాంతపు కుటుంబములు పసిబిడ్డలను వెంటబెట్టుకొని, బంధుమిత్రులతో ఎల్ల దాటిపోయి, పెండ్లిండ్లు జరిపించుకొని వచ్చిరి.

అయ్యా, వారెవరు? త్రాగుబోతులా? దుర్మార్గులా? కారు. సంఘమున మర్యాద గలవారు, పదుగురికి బుద్ధి చెప్పగలవారు. నావంటి చదువు చదివినవారే మంత్రములు చెప్పిరి. ఈ మాట పలుకుటకు నాకు సిగ్గగుచున్నది. అయినను చరిత్ర చెప్పువాడు పరులను బయటబెట్టి తనవారిని దాచిపెట్టరాదు. చట్టము నచ్చనప్పుడు యానాము పోవచ్చునను త్రోవను తొక్కినవారు నేటి కుర్రవాండ్రు కారు. ఆ త్రోవ మన పెద్దలు తొక్కినదే.

1954 నవంబరు 1వ తేదీన యానాము పాలన ఫ్రెంచివారి చేతినుండి భారతప్రభుత్వమునకు వచ్చెను. 1962 ఆగస్టు 16వ తేదీన ఆ మార్పు చట్టరీత్యా స్థిరపడెను. దేశముల నడిమి ఎల్ల చెరిగిపోయెను. కాని యానాము ఆంధ్రలో చేరక, ఎక్కడనో దూరముననున్న పుదుచ్చేరితో గూడి కేంద్రపాలిత ప్రాంతముగా నిలిచెను. రక్షకభటుని యెర్రటోపీతోపాటు వేరు ఆబ్కారీశాసనమును మిగిలెను. సుంకము వేరు, ధర వేరు. వయస్సును వేరే: ఆంధ్ర తెలంగాణములందు ఇరువదియొక్క యేండ్లు నిండనివానికి మద్యము అమ్మరాదు, పుదుచ్చేరి ప్రాంతమున పదునెనిమిది చాలును. కళాశాలలో చదువు పిల్లవాని వయస్సేమి? సరిగా ఈ రెంటి నడిమిదే. చట్టములు రెండింటి నడుమ ఆ మూడేండ్ల సందు గలదు. మన పిల్లలు ఆ సందుననే దూరుచున్నారు.

1995 జనవరి 16వ తేదీనుండి ఆంధ్రప్రదేశమంతట మద్యనిషేధము అమలయ్యెను. ఇచ్చట కొట్లు మూతబడగా యానాము త్రోవలో రాకపోకలు హెచ్చెను. 1997లో నిషేధము సడలెను. పిమ్మట 2019 మొదలు కొన్నియేండ్లు ఆంధ్రలో మద్యము ధరలు బాగుగా పెరిగినప్పుడు మరల అదే త్రోవ కలకలలాడెను. ఒకవైపు నొక్కిన నీరు మరొకవైపు పొంగుచునే వచ్చినది.

నేను పోయినది ఒక సాయంకాలము. గౌతమి యొడ్డున రాజీవ్ బీచ్ అని పిలుచు విహారస్థలము గలదు. పేరునకు సముద్రతీరమే గాని యెదుట నున్నది మన గోదావరి. పిల్లాపాపలతో కుటుంబములు గాలికి తిరుగుచుండెను. చూచుటకు ముచ్చటగానే యున్నది. ఆ యూరిజనుల నేను నిందింపను. వారును మనవలెనే బడికిపోవు పిల్లలు, పనికిపోవు పెద్దలు గలవారు. పానశాలలు వీధులలో నున్నవి. గోవా తీరమున నుండునని వినుచుండు రాత్రినాట్యశాలలవంటివి నాకచ్చట కనబడలేదు. మసకదీపములు, చల్లని గదులు, బల్లల చుట్టును లేతమీసముల కుర్రవాండ్రు. వెలుపల నిలిపిన బండ్లలో పెక్కింటి పలకలు పొరుగురాష్ట్రమువి. ఒక బల్లవారు మరొక బల్లవారి నెరుగరు. అమ్మువాడు కొనువాని నెరుగడు.

అప్పుడు నాకు కౌటిల్యుని యర్థశాస్త్రము జ్ఞప్తికి వచ్చెను. అందు సురాధ్యక్షుని విధులను దెలుపు అధ్యాయ మొకటి గలదు. పానాగారమున ప్రత్యేకపు గదులు, పడకలు, ఆసనములు, గంధమాల్యములు, నీరు ఉండవలెనట. అన్ని ఋతువులందును సుఖముగా నుండవలెనట. నేటి పానశాలకును ఇంతకన్న వేరు వర్ణన లేదు. కాని అచ్చటనే మరికొన్ని కట్టడులు గలవు. మద్యమును ఊరు దాటింపరాదు. నలుగురెరిగినవాడు, నడవడి మంచిదని పేరుపడినవాడు మాత్రమే కొంచెముగా వెలుపలికి గొనిపోవచ్చును. వచ్చినవారిలో పరదేశు లెవ్వరో, ఎవడు తన తాహతుకు మించి వెచ్చించుచున్నాడో గూఢచారులు కనిపెట్టవలెను. మత్తుగొని నిద్రించినవాని సొత్తు పోయిన యెడల అమ్మినవాడు నష్టమిచ్చి దండుగయు కట్టవలెను. ఆ పురాతనుని చింతయంతయు మద్యమునుగూర్చి మాత్రమే కాదు, ఎరుగనివాని గూర్చి. ఎవరును ఎరుగనిచోట త్రాగువాడు తన్ను తానెరుగడని ఆయన గ్రహించెను.

ఇది మన దేశపు వింత యని తలపకుడు. అమెరికాలో ఫ్లోరిడా తీరమున ఫోర్ట్ లాడర్‌డేల్ అను పట్టణము గలదు. 1930ల ప్రాంతమున ఈతసాధనకై కొందరు కళాశాల విద్యార్థు లచ్చటికి వచ్చిరి. పిమ్మట వసంతపుసెలవులలో పోవుట ఆచారమై, 1960లో ఒక చలనచిత్రము దాని నూరూర చాటగా, 1985 నాటికి ఒక్క వసంతమున వచ్చినవారు సుమారు మూడున్నర లక్షలైరి. తీరమున మద్యశాలలు, రాత్రియంతయు ఆటపాటలు, ప్రమాదములు. పట్టణమువారు విసిగి, ఇక రావలదని బహిరంగముగా చెప్పి, కట్టుబాట్లు బిగించిరి. 1984నాటి శాసనముచే ఆ దేశమంతట త్రాగు వయస్సు ఇరువదియొకటిగా స్థిరపడెను. విద్యార్థులు మానిరా? ఫ్లోరిడాలో వేరొక తీరమునకు కొందరు, ఎల్ల దాటి మెక్సికోలోని కాన్‌కూన్‌నకు కొందరు తరలిపోయిరి. అచ్చట పదునెనిమిదేండ్లు చాలును. సముద్రము వేరు, కథ యొక్కటే.

ఇక మన యింటికి వత్తము. మా గోదావరియు ఒకప్పుడు ఎల్లయే. 1860లో నిజాము భద్రాచలము ప్రాంతమును ఇంగ్లీషువారికి విడిచిపెట్టగా, ఆవలియొడ్డు వారిది, మా యొడ్డు నిజాముది ఆయెను. 2014లో మా మండలములోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో గలిసినవి. మాకు ఎల్లలు కొత్త గావు. ఈ యడవులలో మద్యమును కొత్త గాదు. కోయల పండుగలలో ఇప్పసారాయికి, తాటికల్లునకు చోటున్నది. అయితే అచ్చట త్రాగువాని ప్రక్కను తండ్రి యుండును, మేనమామ యుండును, కులపెద్ద యుండును. దానిని సర్కారు ఆదాయముగా మార్చి గుత్తలకిచ్చినప్పుడు, 1879లో రంపఫితూరీ లేచుటకు ఆ కల్లుపన్నును ఒక ముఖ్యకారణమాయెను. ఆ మంట మా యెదుటి భద్రాచలము తాలూకాకును ప్రాకెను. తరువాత అల్లూరి సీతారామరాజు ఫితూరీకి పూనుకొనుటకు ముందు మన్యపు గూడెములలో తిరిగి, త్రాగుడు మానుడని బోధించెను. ఆయన మాట వారు వినిరి. ఏల? ఆయన వారి నడుమ నున్నవాడు, వారి పేర్లెరిగినవాడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకొట్టు మూయించిన సంగతి మీరెరుగుదురు. రాత్రిబడిలో చదివిన సీతమ్మకథ యను పాఠము వారిని కదలించెను. ఆ యుద్యమమునకు ఫలముగా 1993లో సారాయి నిషేధింపబడెను. పిమ్మట వచ్చిన సంపూర్ణనిషేధము మూడేండ్లయినను నిలువలేదు. చట్టము వ్యర్థమని నా తాత్పర్యము కాదు. చట్టము కొట్టును మూయగలదు. ఎల్లకు ఆవల దాని చేయి చాలదు. దూబగుంట స్త్రీలు కొట్టు ముంగిట నిలిచి, వచ్చినవానిని పేరుపెట్టి పిలువగలిగిరి. వాడు ఎవరి మగడో, ఎవరి కొడుకో వారికి దెలియును. ఆ బలము ఏ రక్షకభటునకును లేదు.

కాలు కట్టుతో మంచముపై నున్న నా శిష్యుని నేనొకనాడు చూడబోయితిని. మందలింపలేదు. తండ్రి ప్రశ్ననే యడిగితిని. కొంతసే పూరకుండి వాడు చెప్పెను: "అక్కడ మనల్ని ఎవరూ గుర్తుపట్టరండీ." అంతే. ధర యనలేదు, రుచి యనలేదు.

అందుచేత ఆ రైతుతో నేనిట్లంటిని: అయ్యా, యానాములో ప్రత్యేకముగా నేమియు లేదు. మీరు లేరు, దానికొరకే వాడు పోయినాడు. కాకినాడలో మాత్రము మీరున్నారా? రెండేండ్లుగా రుసుము పంపితిరి, బియ్యము పంపితిరి. వాడు ఎవరితో గూడి యున్నాడో యడిగితిరా? ఆయన మాటాడలేదు. తలవంచుకొని లేచిపోయెను. నేను కఠినముగా పలికితినేమో యని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను బడిలో నున్నప్పుడు ఎందరి పిల్లలను అట్లడిగితినో లెక్కవేసికొంటిని. లెక్క పెద్దది గాలేదు.

మరుసటి యేడు ఆ కుర్రవాడు మరల కాకినాడ పోయెను. కొంచెము కుంటుచు నడచును. తండ్రి యిప్పుడు నెలకొకసారి బస్సెక్కి పోవుచున్నాడు. కొడుకుతోపాటు ఆనాడు యానాము పోయిన ఆ నలువురును ఆయన తెచ్చిన తినుబండారములు పంచుకొని తిందురట. వారి యూళ్లేవో, తలిదండ్రు లెవ్వరో ఆయన యడిగి తెలిసికొన్నాడు. మొన్న నా యరుగుపై కూర్చుండి ఆ నలువురి పేర్లును వరుసగా చెప్పినాడు.