లోపం ఎక్కడుంది? నాడీవ్యాధుల నిర్ధారణలో శారీరక చిహ్నాల చరిత్ర

మెదడు, వెన్నుపాము ఎముకల గూటిలో దాగి ఉండే అవయవాలు కావడం వల్ల, కడుపును నొక్కి చూసినట్లుగానో గుండె చప్పుడు విన్నట్లుగానో వాటిని నేరుగా పరీక్షించడం వైద్యుడికి సాధ్యం కాదు. అందుకే నాడీమండలానికి వచ్చే జబ్బులను గుర్తించే విద్య తొలినుంచీ పరోక్ష సాక్ష్యాల మీదనే నిలబడింది. తిమ్మిరి, తలతిప్పు, నొప్పి వంటివి రోగి తన నోటితో చెప్పుకొనే లక్షణాలు; కండరం సన్నబడటం, కాలు బిగుసుకుపోవడం, కంటిపాప వెలుగుకు స్పందించకపోవడం వంటివి వైద్యుడు తన కళ్లతో, చేతులతో కనిపెట్టే చిహ్నాలు. ఈ చరిత్రను వ్యాధుల పేర్లు, వాటిని కనుగొన్నవారి పేర్లు వరుసగా పేర్చి చెప్పడం పరిపాటి. అయితే 'ఏ జబ్బు' అని అడగడానికి ముందు 'ఎక్కడ' అని అడగడం వైద్యులు నేర్చుకున్న క్రమమే దానికి అసలైన వెన్నెముక.

క్రీ.పూ. 1600 ప్రాంతంలో నకలు తీసిన ఎడ్విన్ స్మిత్ పపైరస్ అనే ఈజిప్టు గ్రంథంలో 48 మంది క్షతగాత్రుల వివరాలున్నాయి. వారిలో మెడపూస తొలగిన ఒక మనిషికి కాళ్లూ చేతులూ ఉన్నట్టే తెలియడం లేదని, మూత్రం తెలియకుండా కారిపోతోందని గమనించిన ఆ వైద్యుడు అది నయం చేయగలిగిన గాయం కాదని తేల్చాడు. చరక సంహితలో శరీరం ఒక పక్క పడిపోయే పక్షాఘాతం, ముఖం ఒక వైపుకు వంకరపోయే అర్దితం వాతవ్యాధుల కింద నిశితంగా వర్ణితమయ్యాయి. కాని కారణాన్ని వాత ప్రకోపంలో వెతకడం వల్ల, ఆ చిహ్నాలను మెదడులోనో వెన్నుపాములోనో ఒక నిర్దిష్ట స్థానంతో ముడిపెట్టే దారి అక్కడ తెరుచుకోలేదు.

ప్రాచీనుల్లో ఆ ముడి స్పష్టంగా వేసినవాడు క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ సామ్రాజ్య వైద్యుడు గేలన్. పౌసానియస్ అనే ఉపాధ్యాయుడికి చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలిలో సగభాగం మొద్దుబారిపోగా, ఇతర వైద్యులు ఎంతకాలం ఆ వేళ్లకే మందులు పూసినా గుణం కనిపించలేదు. గేలన్ రోగిని గుచ్చి గుచ్చి అడిగి, అతడు కొంతకాలం కిందట బండి మీదనుంచి జారిపడ్డాడనీ, వీపు పైభాగానికి రాయి తగిలిందనీ తెలుసుకుని, వేళ్లను వదిలేసి వెన్నుకు చికిత్స చేశాడు. మెడ కింది భాగంలో వెన్నుపాము నుంచి వెలువడే నాడీమూలాలే ఆ వేళ్లకు స్పర్శనిస్తాయని నేటి వైద్య విద్యార్థికి తెలుసు. జంతువుల వెన్నుపామును వేర్వేరు మట్టాల్లో కోసి చూసిన గేలన్‌కు అది ప్రయోగం ద్వారా తెలిసిన సంగతి.

ఆ తరువాత పధ్నాలుగు వందల ఏళ్లకు పైగా ఈ దారిలో చెప్పుకోదగ్గ ముందడుగు పడలేదు. 1664లో థామస్ విల్లిస్ మెదడు నిర్మాణంపై తన గొప్ప గ్రంథాన్ని వెలువరించాడు. 1761లో ఇటలీకి చెందిన మోర్గాన్యీ, బతికుండగా చూసిన లక్షణాలను శవపరీక్షలో కనబడిన లోపాలతో వందల సందర్భాల్లో జతచేసి మరో గ్రంథంలో చూపాడు. చిహ్నానికి విలువ వచ్చేది దాన్ని శవపరీక్షతో సరిచూసుకున్నప్పుడే అన్న నియమం ఈ రెండో గ్రంథంతోనే స్థిరపడింది.

అయితే కేవలం చూపుకు ఎంత శక్తి ఉందో చాటిన రచన 1817లో లండన్‌లో వచ్చింది. జేమ్స్ పార్కిన్సన్ వణుకుడు వాతంపై రాసిన చిన్న పుస్తకానికి ఆధారం ఆరుగురు రోగులు మాత్రమే, వారిలోనూ కొందరు ఆయనకు వీధిలో తారసపడినవారే. చేయి కదలకుండా ఉన్నప్పుడు వచ్చే వణుకు, ముందుకు వంగిన నడుము, ఆపుకోలేక పరుగులా మారే నడక అన్న మూడింటినీ కలిపి ఒకే వ్యాధిగా గుర్తించడం ఆయన ప్రతిభ. దేహంలో దాని స్థానం ఎక్కడన్న దానికి మాత్రం ఆయన దగ్గర ఊహే ఉంది తప్ప రుజువు లేదు.

బెర్లిన్‌లో మోరిట్జ్ రోంబర్గ్ 1840లలో ప్రచురించిన గ్రంథంలో ఒక చిహ్నం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సుఖవ్యాధి ముదిరి వెన్నుపాము వెనుక భాగం దెబ్బతిన్న రోగి పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు తెరిచి ఉన్నంతసేపు నిలబడగలడు, మూసుకోగానే తూలిపడతాడు. కీళ్లు ఏ స్థితిలో ఉన్నాయో మెదడుకు చెప్పే వార్త వెన్నుపాము వెనుక భాగం గుండానే పైకి వెళుతుంది. ఆ వార్త ఆగిపోయినప్పుడు లోటును కన్ను తీరుస్తుంది, కన్ను కూడా మూతపడితే ఆధారమే ఉండదు. ముఖం కడుక్కోవడానికి వంగి కళ్లు మూసుకున్నప్పుడు తూలుతున్నామని ఇలాంటి రోగులు చెప్పే మాటకు అర్థం ఇదే.

ఈ విద్య శాస్త్రంగా రూపుదిద్దుకున్నది పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో. 1862లో జాన్ మార్టిన్ షార్కో అక్కడ వైద్యుడిగా చేరేనాటికి అది సుమారు 5,000 మంది స్త్రీలు తలదాచుకుంటున్న ఆశ్రమం. వారిలో చాలామంది ఏళ్ల తరబడి అక్కడే ఉండి అక్కడే కన్నుమూసేవారు కాబట్టి, ఒకే రోగిని బతికుండగా పదేపదే పరీక్షించి, మరణించాక మెదడునూ వెన్నుపామునూ సూక్ష్మదర్శిని కింద చూసే అవకాశం ఒకే బృందానికి దక్కింది. దిక్కులేని ఆ పేద స్త్రీల విషయంలో నేటి అర్థంలో సమ్మతి అన్న మాటకే చోటు లేదన్న సంగతిని మరచి ఆ విజయాలను కొనియాడటం న్యాయం కాదు.

షార్కో మొదట వణుకులను విడదీశాడు. పార్కిన్సన్ వర్ణించిన వణుకు చేయి ఒడిలో ఊరికే ఉన్నప్పుడు వస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో, అంటే నాడీతంతువుల పైతొడుగు అక్కడక్కడ చెడిపోయే జబ్బులో, గ్లాసు అందుకోవడానికి చేయి చాచినప్పుడే వణుకు మొదలై గమ్యం దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. ఈ తేడాలు హాలు చివరనున్నవారికి కూడా కనబడాలని రోగుల టోపీలకు పొడవాటి ఈకలు తగిలించి తన ఉపన్యాసాల్లో చూపేవాడు. అంతకన్నా గొప్పది, 1869 నుంచి 1874 వరకు సాగిన ఏఎల్ఎస్ (అమయోట్రోఫిక్ లాటరల్ స్క్లెరోసిస్) అనే జబ్బు పరిశోధన. కండరాలు సన్నబడటం వెన్నుపాము ముందు భాగంలోని నాడీకణాలు చనిపోయాయనడానికి గుర్తు. అవయవాలు బిగుసుకుపోవడం మెదడు నుంచి దిగివచ్చే తంతువులు చెడ్డాయనడానికి గుర్తు. ఈ రెండూ ఒకే రోగిలో కలిసి ఉండగా స్పర్శ మాత్రం చెక్కుచెదరకపోతే, రెండు చోట్లా ఒకేసారి క్షీణత ఉండి తీరాలన్నాడు. శవపరీక్షల్లో అదే రుజువైంది.

ఇంచుమించు ఇదే కాలంలో మెదడులోనూ స్థానాలు తెలియసాగాయి. 1861లో పాల్ బ్రోకా, 'టాన్' అన్న ఒక్క పలుకు తప్ప మరో మాట రాని రోగి మెదడులో ఎడమ ముందు భాగం దెబ్బతిని ఉందని చూపాడు. లండన్‌లో హ్యూలింగ్స్ జాక్సన్, మూర్ఛ కొందరిలో బొటనవేలి దగ్గర మొదలై చేయి మీదుగా ముఖానికి పాకే క్రమాన్ని గమనించి, మెదడు పైపొరలో అవయవాల కదలికలకు వేర్వేరు చోట్లు వరుసగా ఉండాలని ఊహించగా, 1870లో జర్మనీలో ఫ్రిట్ష్, హిట్సిగ్ కుక్కల మెదడుపై విద్యుత్తుతో చేసిన ప్రయోగం ఆ ఊహను బలపరిచింది.

ఈ జ్ఞానానికి అసలు పరీక్ష శస్త్రచికిత్స గదిలో జరిగింది. 1884 నవంబరులో హ్యూస్ బెనెట్ కేవలం చిహ్నాల ఆధారంగా చూపిన చోట రిక్‌మన్ గాడ్లీ పుర్రె తెరవగా కణితి అక్కడే కనిపించింది. రోగి మాత్రం గాయం చీము పట్టి నెలలోపే మరణించాడు. 1887 జూన్ 9న విలియం గవర్స్ నిర్ణయించిన స్థానంలో విక్టర్ హార్స్‌లీ ఒక సైనికాధికారి వెన్ను తెరిచినప్పుడు మొదట ఏమీ కనబడలేదు. ఆపకుండా మరికొంత పైకి ఎముక తొలగించగా బాదంగింజంత కణితి దొరికింది, నడవలేని స్థితిలో వచ్చిన రోగి కోలుకుని తిరిగి పనిలోకి వెళ్లాడు. స్కాన్ అన్న ఊహ కూడా లేని రోజుల్లో స్పర్శ ఎంత ఎత్తు వరకు పోయింది, పట్టీ బిగించినట్లుండే నొప్పి ఏ మట్టంలో ఉంది అన్న పరిశీలనే ఆ మనిషిని నిలబెట్టింది.

ఇక రిఫ్లెక్సుల, అంటే అసంకల్పిత ప్రతిచర్యల సంగతి. 1875లో విల్‌హెల్మ్ ఎర్బ్, కార్ల్ వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు విడివిడిగా, ఒకే పత్రిక ఒకే సంచికలో, మోకాలి చిప్ప కింది స్నాయువును తట్టితే కాలు ఎగరడాన్ని వర్ణించారు. వెన్నుపాముకు వెళ్లి వచ్చే నాడీవలయం తెగితే ఆ ఎగురు పోతుంది, పైనుంచి వచ్చే అదుపు తప్పితే అతిగా పెరుగుతుంది. అందువల్ల చిన్న సుత్తి దెబ్బతో లోపం వలయంలో ఉందా, దానికి పైన ఉందా అన్నది తేలిపోసాగింది. ఈ వరుసలో అన్నింటికన్నా సూక్ష్మమైనది షార్కో శిష్యుడు జోసెఫ్ బాబిన్‌స్కీ 1896 ఫిబ్రవరి 22న పారిస్ జీవశాస్త్ర సంఘంలో 28 పంక్తుల్లో చదివిన నివేదిక. పాదం వెలుపలి అంచున మడమ నుంచి చిటికెన వేలి వైపు మొద్దు మొనతో గీస్తే ఆరోగ్యవంతుల వేళ్లు కిందికి ముడుచుకుంటాయి. మెదడు పైపొర నుంచి కదలిక ఆజ్ఞలు తెచ్చే పిరమిడల్ మార్గం దెబ్బతింటే బొటనవేలు నెమ్మదిగా పైకి లేస్తుంది. నడక రాని పసిపిల్లల్లో ఆ మార్గం ఇంకా పక్వం కాకపోవడం వల్ల వేలు పైకి లేవడమే సహజం. అంతకుముందూ ఆ కదలికను చూసినవారున్నారు. దాని అర్థం పట్టుకున్నవాడు బాబిన్‌స్కీ.

ఆయనకు దాని అవసరం కలిగింది ఆనాడు హిస్టీరియా అనిపించుకున్న పక్షవాతాన్ని మెదడు దెబ్బతిన్న పక్షవాతం నుంచి వేరుచేయడానికి. 1908లో అమెరికా వైద్యుడు చార్ల్స్ హూవర్ మరో మెట్టు ఎక్కాడు. పడుకున్న మనిషి ఒక కాలు పైకెత్తితే రెండో మడమ తనంతట తాను మంచాన్ని అదుముతుంది. అదమమంటే అదమలేని కాలు, మంచి కాలు ఎత్తినప్పుడు బలంగా అదిమితే, నాడీమార్గాలు చెడలేదనీ వాటి పనితీరే గాడి తప్పిందనీ అర్థం. ఇలాంటి రోగులను నటిస్తున్నారని నిందించే అలవాటు వైద్యరంగంలో చాలాకాలం సాగడం విచారకరం.

20వ శతాబ్దంలో ఈ పరిశీలన తెలుగు నేలపైనా అక్కరకు వచ్చింది. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల వ్యాధిని నమోదు చేశారు. 1955లో నల్లగొండ జిల్లా గురించిన నివేదిక వెలువడింది. ఆ తరువాత హైదరాబాదు నాడీశస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి దాని నాడీ పర్యవసానాలను విస్తారంగా అధ్యయనం చేశారు. స్నాయువులు గట్టిపడి, పూసలు లోపలికి పెరిగి, వెన్నుపాము ఉండే గొట్టం ఇరుకైపోతుంది. ఒత్తిడి మెడ దగ్గర ఉంటే చేతి కండరాలు సన్నబడతాయి, కాళ్లు బిగుసుకుని మోకాలి ఎగురు పెరుగుతుంది, బొటనవేలు పైకి లేస్తుంది. పల్లె వైద్యశాలలో సుత్తి, గుండుసూది చేతిలో ఉన్న వైద్యుడు ఒత్తిడి ఏ మట్టంలో ఉందో ఈ చిహ్నాలతోనే చెప్పగలడు.

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో తొలిసారి ఒక రోగి మెదడుకు సీటీ స్కాన్ తీయడంతో 'ఎక్కడ' అన్న ప్రశ్న బరువులో చాలా భాగం యంత్రానికి మారింది. అయినా 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ కళ్లు తెరవడం, మాట, కదలిక అన్న మూడింటిని బట్టి స్పృహను కొలిచే పద్ధతిని రూపొందించగా, అది ప్రపంచమంతటా అత్యవసర వార్డుల్లో నిలిచిపోయింది. పార్కిన్సన్ వ్యాధిని నేటికీ ప్రధానంగా కదలికల మందగింపు, వణుకు, బిగువులను చూసే నిర్ధారిస్తారు. ఆగకుండా తలతిప్పు, కనుగుడ్ల అదురు ఉన్న రోగుల్లో స్ట్రోక్‌ను పట్టుకోవడానికి 2009లో ప్రతిపాదించిన హింట్స్ పరీక్షలో, రోగిని వైద్యుడి ముక్కు వైపే చూస్తుండమని చెప్పి తలను చటుక్కున పక్కకు తిప్పుతారు. లోపం చెవి లోపలి నాడిలో ఉంటే కళ్లు తలతోపాటు జరిగి, వెంటనే ముక్కు వైపు గెంతుతాయి. కళ్లు జరగకుండా స్థిరంగా ఉండటం చూడ్డానికి మంచి గుర్తుగా అనిపించినా, ఈ రోగుల్లో చిన్నమెదడులోనో మెదడు కాండంలోనో స్ట్రోక్ వచ్చిందని అనుమానించాల్సింది అప్పుడే. మొదటి రెండు రోజుల్లో తీసిన ఎమ్మారైలో అలాంటి స్ట్రోక్ కొన్నిసార్లు కనబడదు కాబట్టి, స్కాన్ బాగుందన్న ఒక్క మాట మీద ఆ రోగిని ఇంటికి పంపకూడదు.