పసి వేళ్లకు అంటిన మట్టి

బాసరలో అక్షరాభ్యాసం అయ్యాక గోదావరి ఒడ్డుకు చేరిన పిల్లలు పలకనూ బలపాన్నీ మరిచిపోతారు. మట్టిలో ఆడతారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. విషం ఇంకిన నేలను ఎంతవరకు శుభ్రం చేయాలన్న లెక్కకు నేడు మూలం ఆ వేళ్లకు అంటిన మన్నే.

మొదట్లో లెక్కేమీ లేదు. అమెరికాలోని లవ్ కెనాల్‌లో రసాయనాలు పూడ్చిన చోట కాలనీ లేచింది. 1978లో జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. 1980లో అలాంటి నేలను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని లెకర్కెర్క్‌లో ఇళ్ల కింద రసాయనాల పీపాలు బయటపడ్డాయి. 1983లో ఆ దేశం ఎ, బి, సి అంటూ మూడు మెట్ల పట్టిక వేసింది. ఎ అంటే మంచి నేల. బి దాటితే పరీక్షించాలి, సి దాటితే శుభ్రం చేయాలి. చాలా దేశాలు దాన్నే అరువు తెచ్చుకున్నాయి.

ఆ నేల మీద ఎవరు బతుకుతారన్నది మాత్రం ఆ పట్టిక అడగలేదు. అడిగింది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ. ఆరేళ్లలోపు బిడ్డ బరువు 15 కిలోలు, రోజూ కడుపులోకి పోయే మట్టి 200 మిల్లీగ్రాములు అనుకున్నారు. పెద్దవాళ్లకు 100. అంటే వాళ్ల బరువులో దాదాపు అయిదో వంతున్న బిడ్డ రెట్టింపు మన్ను మింగుతోంది! క్యాన్సర్ కారకాల విషయంలో, పది లక్షల మందిలో అదనంగా ఒక్కరికి మించి జబ్బు రాకూడదని పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టి మట్టికి హద్దు తేల్చారు. ఆ పద్ధతిని 1996లో మార్గదర్శకాలుగా ఇచ్చారు. హద్దులూ మారుతుంటాయి: ఇళ్లున్న చోట మట్టిలో సీసానికి హద్దు 1994 నుంచి కిలోకు 400 మిల్లీగ్రాములు ఉండేది, 2024లో 200కు దించారు.

నేలను ఎంతవరకు శుభ్రం చేయాలన్న ప్రశ్న మన దగ్గర పటాన్‌చెరులోనూ ఎదురైంది. అక్కడి ఫ్యాక్టరీల మురుగు నక్కవాగు గుండా మంజీరలో కలిసేది. ఆ మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి బాసర వైపు వస్తుంది. 1990లో ఆ కాలుష్యంపై కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 2001లో శాస్త్రవేత్తలు అక్కడి మట్టిలో ఆర్సెనిక్, క్రోమియం వంటి లోహాలు మితిమీరి ఉన్నాయని ప్రకటించారు. ఇంతకు మించితే శుభ్రం చేసి తీరాలనే నిబంధన మాత్రం అప్పటికి మన దేశంలో లేదు.

అది 2025 జులైలో వచ్చింది. కేంద్రం కలుషిత స్థలాల నిబంధనలను నోటిఫై చేసింది. పొలానికి, ఇంటికి, ఫ్యాక్టరీకి వేర్వేరు హద్దులు. అనుమానిత స్థలం సమాచారం అందాక 90 రోజుల్లో ప్రాథమిక అంచనా తేలాలి. అయితే గనుల వల్ల చెడిన నేలను సాధారణంగా దీని పరిధిలోంచి తప్పించారు. బొగ్గు గనుల మధ్య బతికే గోదావరిఖని, మంచిర్యాల వాసులు ఇది గమనించాలి. ఇంకో లోటు అంతకంటే పెద్దది: చెడిందని తేలిన నేల ఎన్నాళ్లలో బాగుపడాలో గడువు లేదు. ఆ గడువు రాయించుకోవాలి. మన పిల్లలు రోజుకు ఎంత మన్ను మింగుతున్నారో మన ఊళ్లలోనే కొలిచి, హద్దులు సరిచేయించుకోవాలి.