పుట్టుమచ్చలు చెరగని బండి

పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చల కోసం రెండు గీతలు ఉంటాయి. కుడి చెంప మీద ఒకటి, ఎడమ మోచేతి మీద ఒకటి అని రాసుకుంటాం. మనిషి వీడే అనడానికి అవే గుర్తు. 1960ల నాటి అమెరికన్ మజిల్ కారు, అంటే పెద్ద ఇంజిన్ దించిన వేగవంతమైన బండి, కొనేవాళ్లు కూడా ఇవాళ అలాంటి గుర్తులకోసమే టార్చిలైటు పట్టుకుని బండి కింద దూరుతున్నారు. ఒకప్పుడు తుడిచి పారేసిన మరకలకే ఇప్పుడు సర్టిఫికెట్ ఇస్తున్నారు. అలా ఎందుకైందో తెలియాలంటే 1964కి వెళ్లాలి.

మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళాలు మించిన ఇంజిన్ పెట్టకూడదని అప్పట్లో జనరల్ మోటార్స్ యాజమాన్యం కట్టడి చేసింది. ఆ సంస్థలోనే భాగమైన పాంటియాక్‌లో జాన్ డిలోరియన్, ఆయన తోటి ఇంజినీర్లు దానికో దారి కనిపెట్టారు. కొత్త మోడల్ అనకుండా, మామూలు టెంపెస్ట్ లెమాన్స్ కారుకు 389 ఘనపుటంగుళాల ఇంజిన్‌ను ‘ఆప్షన్ ప్యాకేజీ’గా తగిలించారు. దాని పేరు జీటీవో. 5,000 బండ్లు పోతే చాలనుకున్నారు, మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి.

చిక్కుముడి పడింది ఆ ఆప్షన్ అన్న మాట దగ్గరే. 1964 జీటీవో మీద ఫ్యాక్టరీ బిగించిన నంబరు పలక చదివితే అది లెమాన్స్ అనే చెబుతుంది, జీటీవో అని ఎక్కడా చెప్పదు. 1969 షెవర్లే కమారోలో ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్) ప్యాకేజీ ఉందో లేదో కూడా దాని నంబరు చెప్పదు. అప్పట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కాలుష్య నిబంధనలు, బీమా ప్రీమియంలు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి మజిల్ కార్ల శకాన్ని ముగించేసరికి ఇవి పెట్రోలు తాగే సెకండ్‌హ్యాండ్ బండ్లుగా మిగిలాయి. కుర్రాళ్లు వీటిని పందేల్లో తోలారు, ఇంజిన్లు పేల్చారు, పాతవి పీకి వేరేవి వేశారు.

ఆ కుర్రాళ్లు పెద్దవాళ్లై చేతిలో డబ్బు ఆడాక ధరలు లేచాయి. వాటితోపాటే రిస్టోరేషన్ షాపులూ లేచాయి. బండిని విప్పి, రేకు కనిపించేదాకా పాత రంగు గీకేసి, ఫ్యాక్టరీలో కూడా ఎన్నడూ లేనంత నునుపుగా తీర్చిదిద్దేవారు. అదే అదనుగా మామూలు కారుకు బ్యాడ్జీలు అతికించి, పెద్ద ఇంజిన్ దించి, అసలు ఎస్‌ఎస్ అని అమ్మేవాళ్లూ తయారయ్యారు. అసలుదీ నకిలీదీ ఒకేలా మెరుస్తుంటే పోల్చుకోవడం ఎలా?

కొన్ని కంపెనీల బండ్లను కాగితాలు ఆదుకున్నాయి. పాంటియాక్ ఇన్వాయిస్‌లు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్‌లో దొరుకుతాయి. 1967 నుంచి ఫోర్డ్ తయారుచేసిన బండ్ల వివరాలు కెవిన్ మార్టీ సంస్థ ఇస్తుంది. అమెరికాలో అమ్మిన షెవర్లేలకు మాత్రం ఇలాంటి రికార్డు మిగల్లేదు. సీటు స్ప్రింగుల్లోనో పెట్రోలు ట్యాంకు మీదో ఫ్యాక్టరీవాళ్లు వదిలేసిన బిల్డ్ షీటు (బండికి ఏమేం బిగించాలో రాసిన కాగితం) దొరికితే అదృష్టం. దొరక్కపోతే ఇనుమునే అడగాలి.

ఆర్టీవో ఆఫీసులో ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడం మనకు తెలిసిందే. ఇక్కడ అది చాలదు. షెవర్లే వీ8 ఇంజిన్ ముందు భాగంలో, ప్రయాణికుడి వైపు, చిన్న చదును చోటు ఒకటి ఉంటుంది. అక్కడ T0312 అని మొదలైతే టోనావాండా ప్లాంటులో మార్చి 12న ఇంజిన్ బిగించారని అర్థం. ఆ పక్కన 19N అని మొదలయ్యే అంకెలుంటే 1969లో నార్‌వుడ్ ప్లాంటులో తయారైన షెవర్లేకి చెందిన ఇంజిన్ అది. బ్లాకు పోత పోసిన తేదీ ఇంజిన్ బిగించిన తేదీకంటే ముందుండాలి, కారు తయారైన తేదీ దాని తర్వాత రావాలి. అంకెలు ఎవరైనా కొట్టగలరు. అందుకే అనుభవజ్ఞులు అంకెల వెనకాల చూస్తారు. ఫ్యాక్టరీ యంత్రం ఆ చోటును చదును చేసినప్పుడు వెంట్రుకల్లాంటి సమాంతర గీతలు పడతాయి. పాత నంబరు అరగదీసి కొత్తది కొట్టినవాడు ఆ గీతల్నీ అరగదీస్తాడు. వాటిని మళ్లీ అచ్చం అలాగే తేవడం చాలా కష్టం. ఈ వ్యవహారమంతటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ సన్నని గీతలే.

ఈ విద్యకు పద్ధతి నేర్పింది షెవర్లే స్పోర్ట్స్ కారు కొర్వెట్ అభిమానులు. వాళ్ల సంఘం ఎన్‌సీఆర్‌ఎస్ 1974లో పుట్టింది. ఇలినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ కొర్వెట్ మేళాలో డేవిడ్ బరోస్ 1978లో గోల్డ్ సర్టిఫికెట్ మొదలుపెట్టారు. కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా ఉండాలన్నది దాని కొలత. అయితే ఆ రోజున ఎలా ఉందో చెప్పేదెవరు? ముట్టుకోని బండ్లే చెప్పాలి. వాటినేమో పాతబడ్డాయని ఒక్కొక్కటిగా విప్పేసి మెరిపిస్తున్నారు. అందుకని బరోస్ 1990లో ‘సర్వైవర్’ పేరుతో ఇంకో గుర్తింపు తెచ్చారు. బాడీ, లోపలి భాగం, ఇంజిన్ గది, ఛాసిస్ అనే నాలుగింటిలో కనీసం మూడు, సగానికి పైగా అసలు స్థితిలోనే ఉండాలి. మచ్చపడితే మార్కు పోయే పోటీల మధ్య ఇది పెద్ద మలుపు.

పరీక్ష దగ్గర నిలబడి చూస్తే, మన దగ్గర పాత బండి బేరంలో వినిపించే ‘కంపెనీ పెయింటేనా, టచప్ పడిందా?’ అన్న ప్రశ్నే అక్కడా మొదటిది. రంగు మందం కొలిచే మీటరు తలుపు మీద ఒక అంకె, పక్క రేకు మీద దానికి రెట్టింపు చూపిస్తే అక్కడ మళ్లీ రంగు పడినట్టే. జనరల్ మోటార్స్ అప్పట్లో లక్కర్ రంగు వాడింది. ముసలితనంలో అది కాకి కాలి గుర్తుల్లా పగులుతుంది. మూలల్లో రంగు కారిన చారలు, ఇన్‌స్పెక్టర్ సుద్దముక్కతో పెట్టిన గుర్తు, డ్రైవ్ షాఫ్ట్ మీద రంగు పట్టీలు, గాజుల మీద తేదీ కోడ్ - వీటన్నిటినీ కార్మికుడి చేతిరాతలా చదువుతారు. రిస్టోరేషన్‌లో మొదట చెరిగిపోయేవి ఇవే.

విలువ కట్టడమే కష్టం. పాత కార్ల విలువ కట్టే హాగర్టీ వంటి సంస్థలు కార్లను 1 నుంచి 4 దాకా స్థితి ప్రకారం వర్గీకరిస్తాయి. వెలిసిన రంగు, చిరిగిన సీటు ఉన్న బండి ఆ నిచ్చెన మీద కిందే ఉండాలి. కానీ గుర్తులన్నీ పొసగితే కొత్తగా మెరిసే 1వ రకం కన్నా ఎక్కువే పలకవచ్చు. కాగితాలుండి, మొదటి ఓనర్ ఎవరో తెలిసి, అరుదైన ఇంజిన్ అయితే ఇంకా పెరుగుతుంది. అలాగని ప్రతి తుప్పుపట్టిన బండీ సర్వైవర్ కాదు. షెడ్డులో కుళ్లిపోవడం వేరు, వాడుకుంటూ కాపాడుకోవడం వేరు.

కాపాడుకున్న బండి అంటే ‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 మస్టాంగ్ గుర్తొస్తుంది. కీర్నన్ కుటుంబం 1974లో సుమారు 6,000 డాలర్లకు కొంది. ఆ ఇంటి ఇల్లాలు పాఠాలు చెప్పడానికి బడికి అందులోనే వెళ్లేది. 1977లో మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసి అడిగినా వాళ్లు అమ్మలేదు. 1980లో క్లచ్ పోయాక బండి ఇంటికే పరిమితమైంది. మళ్లీ 2018 జనవరిలో డెట్రాయిట్‌లో లోకానికి కనిపించింది. 2020 జనవరి 10న కిస్సిమీలో జరిగిన మీకమ్ వేలంలో, ఫీజులతో కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది. ఆ ధరలో సినిమా పేరుకే పెద్ద వాటా, కాదనలేం. అయినా హైలాండ్ గ్రీన్ రంగు వెలిసిపోయి, తుప్పు మచ్చలతోనే అది వేదిక ఎక్కింది. కిందికి వంగి చూస్తే, షూటింగ్‌లో కెమెరాలు బిగించడానికి వెల్డింగ్ చేసిన బ్రాకెట్లు ఇంకా అక్కడే ఉన్నాయి.